చెవితో తీసే ఫొటోలు



రేడియోలో ఫొటోల గురించి మాట్లాడబోతున్నానంటే మా ఇంట్లో నవ్వారు. చూపించే వీల్లేని చోట ఏం చెప్తావే అన్నారు. నిజమే. కానీ నేను చెప్పబోయేవి వానాకాలం రాత్రిళ్లు తీసే ఫొటోల సంగతులు. ఆ చీకట్లో, ఆ వానలో కంటికి దొరికేది తక్కువ. ముందు చెవి పట్టుకోవాలి, తరవాత కన్ను వెతకాలి, కెమెరా వంతు ఆఖరున వస్తుంది. కాబట్టి ఈ కబుర్లకి టీవీ కంటే రేడియోయే నయం.

ఇంజనీరింగ్ చదివిన పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఒక విచిత్రమైన కాలం బాగా తెలుసు. ఆఖరి పరీక్షలు అయిపోయి ఉంటాయి. ఆఫర్ లెటరు చేతిలో ఉంటుంది. చేరాల్సిన తేదీ మాత్రం 'త్వరలో తెలియజేస్తాం' అన్న మెయిల్లోనే ఆగి ఉంటుంది. జూన్ పోతుంది, జులై వస్తుంది. ఎదురుపడ్డ చుట్టమల్లా "ఇంకా చేరలేదా?" అంటాడు. అటు చదువుకునే పిల్లా కాదు, ఇటు సంపాదించే మనిషీ కాదు. ఆ ఖాళీలో కొందరు ఇంకో కోర్సు నేర్చుకుంటారు, కొందరు పెళ్లిళ్లకి తిరుగుతారు. నేను కప్పల దగ్గరికి వెళ్లాను.

మాది అనంతపురం. "ఉద్యోగంలో చేరే ముందు కదిరి నరసింహసామిని చూసొద్దామంటే, కప్పల్ని చూసేకి పోతానంటావేమే?" అంది అమ్మ. నేను వెళ్లాలనుకున్న ఆగుంబెకి శృంగేరి ముప్పై కిలోమీటర్ల లోపే అని చెప్పాక కాస్త మెత్తబడింది. ముందు శారదమ్మ దర్శనం, తరవాతే కప్పలు అన్న ఒప్పందం మీద నేనూ, నా క్లాస్‌మేటూ బయల్దేరాం.

అడవి ఫొటోలనగానే అందరికీ పులి గుర్తొస్తుంది. వానాకాలంలో ఆ ఆశ పెట్టుకోనక్కర్లేదు. మన నల్లమలలో పులుల అభయారణ్యాన్ని జులై నుంచి సెప్టెంబరు దాకా సందర్శకులకి మూసేస్తారు. తెరిచి ఉంచిన అడవుల్లో కూడా పచ్చదనం ఒత్తుగా కమ్మేసి ఉంటుంది. నీళ్లు ఎక్కడబడితే అక్కడ దొరుకుతాయి కాబట్టి జంతువులు కుంటల దగ్గరికి వచ్చి నిలబడవు. పైగా పులికి కావలసిన పెద్ద లెన్సు ధర మాకు రాబోయే జీతంలో చాలా నెలలది. కప్పకి అంత అక్కర్లేదు. ఒక పాత కెమెరా, బెంగళూరులో అద్దెకి తీసుకున్న 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, ఒక ఫ్లాష్, ఒక గొడుగు. ఈ నాలుగింటిలో ఏది ముఖ్యమంటే గొడుగనే చెప్తాను. పట్టుకునే మనిషితో సహా.

ఆగుంబె కర్ణాటకలో శివమొగ్గ జిల్లా, తీర్థహళ్లి తాలూకాలో ఉంది. పడమటి కనుమల అంచున, ఘాట్ రోడ్డు మలుపులు ఉడిపి వైపు దిగిపోయే చోట చిన్న ఊరు. దూరదర్శన్‌లో 'మాల్గుడి డేస్' చూసినవాళ్లు ఈ ఊరిని చూసేసినట్టే. శంకర్ నాగ్ ఆ సీరియల్లో చాలా భాగం ఇక్కడే తీశాడు. ఏడాదికి 7,000 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. అనంతపురంలో మాకు ఏడాది మొత్తమ్మీద పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అంత వాన ఆగుంబెలో జులై నెలలో వారం పది రోజుల్లో కురిసేస్తుంది. వాన కోసం పూజలు చేసే ఊరి నుంచి వచ్చినదాన్ని. అక్కడ ఒక అజ్జి, అంటే అవ్వ, పెరట్లో చేతులు చాచి ఆకాశం వైపు తిరిగి "సాకప్పా సాకు" అంటుంటే, చాలు దేవుడా అంటోందని అర్థమై నోరు తెరుచుకుని చూశాను.

మేమున్నది ఆ అజ్జి వాళ్ల ఇంట్లోనే. వక్కతోట రైతులు. ఆ నెలల్లో వక్క గెలలకి కుళ్లు తెగులు పట్టకుండా చెట్లెక్కి బోర్డో మిశ్రమం కొట్టడమే వాళ్లకి పెద్ద పని. వాన ఒక్క పూట తెరిపిస్తే చాలు, ఇంటిల్లిపాదీ తోటలో ఉంటారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. బట్టలు ఆరవు. స్నానాల గదిలో పెద్ద హండా కింద కట్టెల పొయ్యి ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది, దాని మీద కట్టిన తీగకి అందరి బట్టలూ వేలాడుతుంటాయి. అన్నిటికీ పొగ వాసన. కెమెరాని మాత్రం ఆ వేడి దగ్గరికి తీసుకుపోలేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టాం. ఆ తేమకి లెన్సు లోపల బూజు పట్టిందంటే అద్దెకిచ్చినవాడికి ఏం సమాధానం చెప్తాం?

సరే, అసలు విషయం. రాత్రి ఏడు దాటాక వక్కతోట గట్టు మీద నిలబడి టార్చి ఆర్పేస్తే మొదట ఒకటే రొద. ఏదీ విడిగా తెలియదు. కాసేపు కదలకుండా ఉంటే ఆ రొద పొరలు పొరలుగా విడిపోతుంది. కింద నీటి మడుగు నుంచి బొంగురుగా ఒక గొంతు. నడుమెత్తులో కాఫీ మొక్కల మీంచి 'టిక్, టిక్, టిక్' అని ఇంకొకటి. ఇంకా పైనుంచి 'ట్రీ... ట్రీ...' అని మూడోది. అరిచేవన్నీ మగకప్పలే. ఆడకప్ప ఆ చీకట్లో గొంతులు విని, నచ్చినవాడి దగ్గరికి వెళ్తుంది. ఒక్కో జాతిది ఒక్కో రాగం, కాబట్టే అన్ని జాతులు ఒకే తోటలో ఉన్నా జతలు తప్పిపోవు. ఋగ్వేదం ఏడో మండలంలో కప్పల మీదే ఒక సూక్తం ఉంది. గురువు చెప్పింది శిష్యుడు తిరిగి పలికినట్టు ఒక కప్ప అరుపుని ఇంకోటి అందుకుంటుందని అందులో చెప్పారు. ఆ మాట అన్నవాడెవరో గానీ నిజంగా ఒక వానాకాలం రాత్రి చెవులు రిక్కించి కూర్చున్నవాడే.

చెట్టుకప్పని వెతకడం ఎలాగో చెప్తాను. చాలావాటి పొడవు బొటనవేలి గోరు నుంచి బొటనవేలంత. గొంతు మాత్రం తోటంతా వినిపిస్తుంది. అరుపు వైపు నడిస్తే మనం దగ్గరయ్యేసరికి ఆపేస్తుంది. అక్కడే ఆగిపోవాలి. నాలుగైదు నిమిషాలకి ముందు దూరంగా ఉన్నవి మొదలెడతాయి, తరవాత మన దగ్గరది. ఇద్దరుంటే పని సులువు. ఇద్దరూ కాస్త ఎడంగా నిలబడి, ఎవరికి ఎటునుంచి వినిపిస్తోందో అటు చెయ్యి చాపాలి. రెండు చేతుల గీతలు ఎక్కడ కలుస్తాయో ఆ పొదలో ఉంటుంది. అరచేతులు చెవుల వెనక దొప్పలా పెట్టి తలని అటూ ఇటూ తిప్పితే దిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. అలా ఏలక్కాయ ఆకు అంచున మొదటిదాన్ని కనిపెట్టినప్పుడు మేమిద్దరం మాటాడుకోకుండా ఒకరి భుజం ఒకరం గిల్లుకున్నాం.

ఆ బుల్లి చెట్టుకప్పలు చాలావాటిని శాస్త్రజ్ఞులు 'రావోర్కెస్టిస్' అనే ప్రజాతిలో పెట్టారు. ఆ పేరులో ఉన్న 'రావు' సి.ఆర్. నారాయణరావు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాడు, 1932లో 'కరెంట్ సైన్స్' పత్రిక మొదలైనప్పుడు దానికి తొలి సంపాదకుడు. మన దేశంలో కప్పల మీద పట్టుబట్టి పనిచేసిన తొలితరం మనిషి. ఈ కప్పలకి తోకకప్ప దశ లేదు. ఆకుల మీదో, వెదురు బొంగులోనో గుడ్లు పెడితే గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే వస్తుంది. గాలిలో అంత తేమ ఉన్నప్పుడు మడుగుతో పనేముంది! దీనికి పూర్తిగా ఎదురు మలబారు ఎగిరే కప్ప. ఆకుపచ్చ ఒళ్లు, వేళ్ల మధ్య ఎర్రటి చర్మం. నీటి మీదికి వంగిన కొమ్మకి బట్టలుతికిన సబ్బు నురగలా గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. గుడ్లు పగిలాక నురగ కరిగి తోకకప్పలు టపటపా నీళ్లలో పడతాయి. పశువుల కోసం కట్టిన నీళ్ల తొట్టి మీద అలాంటి గూడు కనిపించింది. అజ్జి దాన్ని అంతకుముందెప్పుడో చూసే ఉంది. చీపురుతో తీసెయ్యకుండా వదిలేసింది.

ఫొటో సంగతి కూడా చెవిదే. కప్ప గొంతు కింద సంచి గాలిబుడగలా ఉబ్బిన క్షణంలోనే బటన్ నొక్కాలి. చూసి నొక్కితే ఆలస్యమైపోతుంది. దాని లయ ముందుగా పట్టుకోవాలి. 'టిక్, టిక్' కి మధ్య ఎంత ఎడమో మనసులో లెక్కబెట్టుకుని, తరవాతి 'టిక్' వచ్చేలోగా వేలు దిగాలి. చీకట్లో కెమెరా తనంతట తను ఫోకస్ పట్టుకోలేదు. పక్కనుంచి స్నేహితురాలు సన్నగా టార్చి పట్టుకుంటే చేత్తో తిప్పి కంటి మీద ఫోకస్ పెట్టాలి. ఎపర్చరు ఎఫ్ 11, ఫ్లాష్ బలం బాగా తగ్గించి, దాని ముందు తెల్లటి ట్రేసింగ్ కాగితం. లేకపోతే తడి ఒంటి మీద తెల్లటి మచ్చలు పడతాయి. ఇంకో ఫ్లాష్ ఉండి దాన్ని కప్ప వెనక నుంచి వెలిగిస్తే వాన చినుకులు వెండి తీగల్లా పడతాయని విన్నాను గానీ మా దగ్గర ఉన్నది ఒకటే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటర్నెట్టులో కనిపించే 'అద్భుతమైన' కప్ప ఫొటోల్లో చాలావాటిని నేను నమ్మను. కప్పని పట్టుకొచ్చి పువ్వు మీద కూర్చోబెడతారు, ఆకుని గొడుగులా పట్టుకున్నట్టు నిలబెడతారు, కదలకుండా ఉండేందుకు చల్లబరుస్తారు. కప్ప చర్మంతో ఊపిరి పీల్చుకుంటుంది, నీళ్లూ చర్మంతోనే తాగుతుంది. మన చేతికి రాసుకున్న దోమల మందు, సబ్బు, ఉప్పు అన్నీ దాని ఒంట్లోకి పోతాయి. ఒక చోటి బురద ఇంకో చోటికి బూట్లతో మోసుకుపోతే కప్పలకొచ్చే శిలీంధ్ర వ్యాధిని కూడా మోసినట్టే. అసలు ముట్టుకోకపోయినా నష్టం ఉంటుంది. అరవడమంటే మగకప్పకి ఒంట్లో ఉన్న సత్తువంతా ఖర్చుపెట్టడం. మన వెలుగుకి బెదిరి అది నోరు మూసుకున్న ప్రతి నిమిషం పక్క పొదలోది అరుస్తూనే ఉంటుంది, ఆడకప్ప అటే పోతుంది. అందుకని మాకు మేమే ఒక షరతు పెట్టుకున్నాం. నాలుగైదు ఫొటోలు, ఆపైన వెలుగు ఆర్పి పక్కకి. బాగా రాకపోతే దాని అదృష్టం, మన దురదృష్టం.

జలగల గురించి చెప్పకపోతే ఆగుంబె వెళ్లినట్టు ఎవరూ నమ్మరు. అక్కడ ఇంబళ అంటారు. ఆకుల మీద నిటారుగా లేచి మన వైపు ఊగుతుంటాయి. మోకాళ్ల దాకా గట్టిగా నేసిన మేజోళ్లు వేసుకుని, వాటికి పైన నశ్యం పొడి రాసుకున్నాం. అయినా ఎక్కేవి ఎక్కుతాయి. పెద్దగా నొప్పి ఉండదు. రక్తం మాత్రం చాలాసేపు ఆగదు, ఎందుకంటే అది గడ్డకట్టకుండా చేసే పదార్థాన్ని అవి ముందే దించేస్తాయి. మొదటి రాత్రి మా స్నేహితురాలు కేకలు పెట్టింది. తరవాత్తరవాత భోజనం మధ్యలో ఒకటి పీకి కిటికీలోంచి బయటికి వేసి మళ్లీ చారు కలుపుకునే దశకి వచ్చింది.

చెవితో వెతకలేని ప్రాణి పాము. మలబారు పింజర పొదలో ఒకే కొమ్మ మీద రోజుల తరబడి ఆహారం కోసం కాపు కాస్తుంది. ఒకటి ఆకుపచ్చ, ఒకటి గోధుమ రంగు, ఒకటి పసుపు, ఒకే జాతిలో అన్ని రంగులు. కంటికీ ముక్కుకీ మధ్య ఉన్న గుంటతో ఎలక ఒంటి వేడిని పసిగడుతుంది. ఆ కొమ్మ ఎక్కడో తోటలో పనిచేసేవాళ్లకి తెలుసు. మనకి మనమే వెతుక్కోవడం ప్రమాదం కూడా. మన ఆసుపత్రుల్లో దొరికే పాము విషం విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి చేసింది. ఈ పింజర దాని లెక్కలో లేదు. దూరం నుంచే తీశాం. రాచనాగుని చూశావా అని అందరూ అడుగుతారు. ఆగుంబె దానికే పేరు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టింది ముఖ్యంగా దాని కోసమే. పడమటి కనుమల రాచనాగు వేరే జాతి అని 2024లో తేల్చి, కన్నడిగులు పిలిచే పేరుతోనే 'కాళింగ' అని పెట్టారు. మాకు కనిపించలేదు. కనిపించనందుకు అమ్మ శారదమ్మకి దణ్ణం పెట్టుకుంది.

కనుమల కప్పల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి కూడా మాకు కనిపించలేదు. వాటిని నాట్య కప్పలంటారు. వాగు ఒడ్డున రాళ్ల మీద, పట్టపగలు, నీటి హోరులో ఉంటాయి. ఆ హోరులో ఎంత అరిచినా ఎవరికి వినిపిస్తుంది? అందుకని మగకప్ప వెనక కాలు చాచి, వేళ్లు విప్పి, తెల్లటి పొరని జెండాలా ఊపుతుంది. గొంతు పని కాలు చేస్తుందన్నమాట. వాటి కాలం వాన తగ్గి వాగు నెమ్మదించాక మొదలవుతుంది. కప్పల శాస్త్రజ్ఞుడు ఎస్.డి. బిజు బృందం 2014లో ఒక్కసారే వీటిలో 14 కొత్త జాతులు ప్రకటించింది. అదే ఏడాది కె.వి. గురురాజ, మిత్రులు ఉత్తర కన్నడ అడవుల నుంచి ఇంకొక వింత చెప్పారు. గుడ్ల మీద ముందు కాళ్లతో మట్టి మెత్తే కుమ్మరి కప్ప. మన దేశంలో, బెంగళూరు నుంచి ఒక రాత్రి బస్సు దూరంలో, అప్పటిదాకా పేరు లేని ప్రాణులు ఇన్ని ఉన్నాయి.

ఇంటికొచ్చాక కూడా జాయినింగ్ తేదీ రాలేదు. లెన్సు అద్దె ఇంకొంతకాలం పొడిగించాను. అప్పుడే ఆగుంబెకీ అనంతపురానికీ అసలు తేడా ఏమిటో తెలిసింది. ఆగుంబె కప్పకి నాలుగు నెలల వాన ఉంది. ఈ రాత్రి కాకపోతే రేపు. మా మెట్ట నేల కప్పకి అంత వ్యవధి లేదు. ఇసుక కప్పలు ఏడాదిలో ఎక్కువ భాగం భూమిలో తమని తాము పూడ్చుకుని ఉంటాయి. గట్టి వాన ఒక్కటి పడి కుంట నిండితే ఆ రాత్రే పైకి రావాలి, ఆ రాత్రే జత కట్టాలి, కుంట ఎండేలోగా పిల్లలకి కాళ్లు రావాలి. అందుకే అన్నీ ఒక్కసారే అరుస్తాయి. అక్కడ గొంతులు విడదీసి వినడానికి వీలుండదు. పక్కన నిలబడ్డ నాన్న మాట నాకు వినిపించలేదు.

అవును, నాన్నే స్కూటరు మీద తీసుకెళ్లాడు. వాన వెలిసిన వెంటనే ఊరి బయట కుంట దగ్గరికి. టార్చి వెయ్యగానే నీళ్లలో నిమ్మపండు పసుపు రంగులో పెద్ద కప్పలు, గొంతుకి రెండు పక్కలా నీలం బుడగలు. మిగతా ఏడాదంతా మట్టిరంగులో ఉండే గోదురుకప్పలే అవి; మగవి ఆ కొద్ది రోజులకి అలా రంగు మారతాయి. ఒకప్పుడు వీటి కాళ్లని విదేశాలకి టన్నుల లెక్కన పంపేవారు. పొలాల్లో కప్పలు తగ్గి పురుగులు పెరుగుతున్నాయన్న ఆందోళనతో 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. వాన రాకపోతే కప్పకి పెళ్లి చేసే ఊళ్లు మావి. రోకలికి కప్పని కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకునేవాళ్లమని నాన్న ఆ రాత్రి చెప్పాడు. కప్పకి అదెంత ఇబ్బందో అప్పుడు తెలీదులే అని కూడా అన్నాడు.

ఆగుంబె ప్రయాణాన్ని టికెట్టు బుక్ చేసుకుని వెళ్లొచ్చు. ఉద్యోగంలో చేరాక కూడా, శనాదివారాలకి ఇంకో సెలవు కలుపుకుని వెళ్లొచ్చు. కానీ మా కుంట దగ్గరి ఆ రాత్రిని ఎవరూ బుక్ చెయ్యలేరు. ఏ వాన ఏ కుంట మీద పడుతుందో తెలీదు, పడ్డాక లీవు అడిగితే ఇవ్వరు. వాన కోసం ఊరికే ఇంట్లో కూర్చుని ఎదురుచూడగల తీరిక నాకు ఆ ఒక్క వానాకాలమే దొరికింది. ఇప్పుడు నేను బెంగళూరులో పనిచేస్తున్నాను. అనంతపురంలో గట్టి వాన పడ్డ రాత్రి నాన్న ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా దాన్ని కుంట వైపు తిప్పి పట్టుకుంటాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఆఫర్ లెటరు పెట్టుకుని తేదీ కోసం కూర్చుని ఉంటే ఈ రెండు ముక్కలు చెప్పండి. ఆగుంబె వెళ్లేవాళ్లకి జూన్ మొదటి వానలైనా, సెప్టెంబరు తెరపులైనా జులై కంటే సులువు. అక్కడి అభయారణ్యంలోకి రాత్రిపూట వెళ్లనివ్వరు, వెళ్లొద్దు కూడా. తోటవాళ్ల అనుమతి అడిగితే వాళ్ల గట్ల మీదే కావలసినన్ని కప్పలుంటాయి. పెద్ద వానలప్పుడు ఘాట్ రోడ్డు మీద రాకపోకలు ఆపేస్తుంటారు, బయల్దేరే ముందు కనుక్కోండి. ఎక్కడికీ వెళ్లలేనివాళ్లు ఫోనులో రికార్డరు ఆన్ చేసి ఊరి చెరువు గట్టు మీద కూర్చోండి. తేదీ, సమయం, చోటు నోటితో చెప్పి ఆ తరవాత కప్పల్ని అరవనివ్వండి. తరవాత ఎవరైనా జాతి గుర్తుపట్టాలంటే మసక ఫొటో కంటే ఆ రికార్డింగే ఎక్కువ పనికొస్తుంది.